అయిదు బారల దూరం

అడవిలో కూర్చుని కట్టెలు కొనుక్కోవడం మా నాన్న అమెరికాలో చూసిన అతి పెద్ద వింత. మొసళ్ళు కావు, శని గ్రహం కాదు. కట్టెలు.

అది 2013 మే నెల. అమ్మా నాన్నా హ్యూస్టన్‌లో మా ఇంటికి వచ్చి రెండు నెలలైంది. అందరూ చూపించేవన్నీ నేనూ చూపించేశాను. పియర్‌ల్యాండ్‌లో మీనాక్షి అమ్మవారి గుడి, నాసా కేంద్రం, గాల్వెస్టన్ సముద్రం. నాన్నకు ఏదీ పట్టలేదు. నాసాలో అంత పెద్ద రాకెట్టు పక్కన నిలబడి, "దీని నీడన ఎన్ని గేదెల్ని కట్టేయొచ్చు!" అన్నాడు. రోజూ తెల్లవారకముందే లేచి, మా కాలనీ చివర వాన నీళ్ళు నిలిచే గుంట దాకా నడిచి వెళ్ళి వచ్చేవాడు. "ఎవరైనా కనిపించారా నాన్నా?" అని అడిగితే, "మనుషులెవరూ లేరు. ఒక కొంగ ఉంది" అనేవాడు. ఆ కొంగ రాని రోజున కాఫీ కూడా ముభావంగా తాగేవాడు.

అప్పుడు తట్టింది, ఈయన్ని బ్రాజోస్ బెండ్ స్టేట్ పార్కుకు తీసుకువెళ్ళాలని.

అక్కడివాళ్ళు కాని పాఠకుల కోసం ఒక మాట. అమెరికా అడవులంటే మనకు వెంటనే గుర్తొచ్చేవి ఎల్లోస్టోన్, గ్రాండ్ కాన్యన్ లాంటి నేషనల్ పార్కులు. వాటికి వెళ్ళడం తిరుపతి ప్రయాణం లాంటిది. ముందు నుంచి ఏర్పాట్లు, సెలవులు, విమానం టిక్కెట్లు. స్టేట్ పార్కులు అలా కాదు, ఊరి పొలిమేర గుళ్ళ లాంటివి. శుక్రవారం సాయంత్రం అనుకుని శనివారం పొద్దున బయలుదేరవచ్చు, గుడారానికి చోటు దొరికితే. టెక్సస్‌లో వీటి కోసం మొదటిసారి ఒక బోర్డు ఏర్పడింది 1923లో, ప్యాట్ నెఫ్ గవర్నరుగా ఉండగా. ఆయన తల్లి ప్రజల కోసం ఇచ్చిన ఆరెకరాల నేల ఆవిడ పేరుతోనే మదర్ నెఫ్ పార్కుగా ఇప్పటికీ ఉంది. దారిలో కారు నడుపుతూ ఈ కథ చెబితే నాన్న వెనక సీట్లోంచి ముందుకు వంగి, "ఆరెకరాలు ఊరికే ఇచ్చిందా? కొడుకు ఊరుకున్నాడా?" అని అడిగాడు. ఊరుకోవడమేమిటి, ఆ కొడుకు తానే రాష్ట్రమంతా తిరిగి ఇంకా అడిగాడని చెప్పాను. నాన్న చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆరెకరాలంటే ఆయన దృష్టిలో ఎన్ని బస్తాలో నాకు తెలుసు.

బ్రాజోస్ బెండ్ హ్యూస్టన్‌కు గంట ప్రయాణం. సుమారు 5,000 ఎకరాలు. ఒక అంచున బ్రాజోస్ నది, మధ్యలో చెరువులు, వాగు, ఓక్ చెట్లు. 1984లో జనానికి తెరిచారు. ఆ ఓక్ చెట్ల కొమ్మల నుంచి బూడిదరంగు నాచు లాంటిది బారెడు పొడవున వేలాడుతూ ఉంటుంది. మర్రి ఊడలు గుర్తొస్తాయేమోనని అనుకున్నాను. అమ్మ మాత్రం కారు దిగగానే, "చెట్లన్నీ సన్యాసుల్లా జడలు కట్టుకున్నాయేమిటి!" అంది. అప్పటినుంచి ఆ చెట్లు మా ఇంట్లో సన్యాసి చెట్లే.

గుడారం వేయడం గురించి ఎక్కువ చెప్పను. నేనూ మా ఆవిడా కలిసి అంతకు ముందు నాలుగుసార్లు వేశాం, నాలుగుసార్లూ పోట్లాడుకున్నాం. ఈసారి నాన్న మేకులు చేతిలోకి తీసుకుని, గాలి ఎటు వస్తోందో చూసి, వాన పడితే నీళ్ళు ఎటు పోతాయో చూసి, నేను ఎంచిన చోటికి పది అడుగులు పక్కన వేయించాడు. పావుగంటలో అయిపోయింది. మా ఆవిడ నా వైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది.

తర్వాత నెగడుకు ఏర్పాట్లు. నాన్న అలవాటుగా చెట్ల కిందికి వెళ్ళి ఎండుపుల్లలు ఏరడం మొదలుపెట్టాడు. నేను పరుగెత్తుకుంటూ వెళ్ళి ఆపాను. ఇక్కడ పుల్లలు ఏరకూడదు నాన్నా, పడిన కొమ్మలు పడినచోటే కుళ్ళాలి, వాటిలో పురుగులుంటాయి, ఆ పురుగుల మీద పిట్టలు బతుకుతాయి అని చెప్పాను. "మరి మంట?" అన్నాడు. కట్టెల మోపు కొనాలన్నాను. ఏరిన పుల్లలను ఎక్కడివక్కడ జాగ్రత్తగా పెట్టి వచ్చి, నేను కొనుక్కొచ్చిన ప్లాస్టిక్ చుట్టిన మోపును అటూ ఇటూ తిప్పి చూసి, "అడవిలో కట్టెలు అమ్మినవాడు తెలివైనవాడు. కొన్నవాడి సంగతి నేను చెప్పను" అన్నాడు.

మా ఊరు కైకలూరు పక్కన. కొల్లేటికి దగ్గర. నాన్న వరి రైతుగా మొదలై చేపల చెరువుల్లోకి దిగిన తరం. కొల్లేటి పిట్టలన్నీ ఆయనకు తెలుసు. మనకు తెలిసినట్టు కాదు, పొరుగువాడితో సరిహద్దు తగాదా ఉన్నవాడికి ఆ పొరుగువాడు తెలిసినట్టు. నీలి బొల్లికోళ్ళు దాళ్వా (రెండో పంట) చేలో పడి వరి దుబ్బులు పీకేసేవి. నీటికాకులు చెరువులో మునిగి చేపపిల్లలను ఎత్తుకుపోయేవి. వాటిని తోలడానికి నాన్న ఒక కుర్రాణ్ణి జీతానికి పెట్టాడు. వాడి పని రోజంతా గట్టు మీద తిరుగుతూ రేకుడబ్బా కొట్టడం, దీపావళికి మిగిలిన టపాకాయలు కాల్చడం. చిన్నప్పుడు ఉచ్చులు పన్ని బొల్లికోళ్ళను పట్టి కూర వండుకున్న సంగతులు నాన్న చెబుతుంటే నేను నోరూరుతూ విన్నవాణ్ణే. ఇప్పుడు బైనాక్యులర్స్ మెడలో వేసుకుని తిరుగుతున్నాను కదా అని అది దాచడం దేనికి?

ఎల్మ్ లేక్ ఒడ్డున నడుస్తున్నాం. ఒక మోడు మీద పాములాంటి మెడతో నల్లటి పక్షి ఒకటి రెండు రెక్కలూ బార్లా చాపి ఆరబెట్టుకుంటోంది. అన్హింగా అంటారు దాన్ని ఇక్కడ. మన పాముపిట్టకు సోదరి. నేను బైనాక్యులర్స్ అందించబోయేలోగా నాన్న చెయ్యెత్తి, "హుష్!" అని గట్టిగా చప్పట్లు కొట్టాడు.

పక్షి ఎగిరిపోయింది. పక్కన ముక్కాలి పీట మీద కెమెరా పెట్టుకుని గంటసేపటి నుంచి కూర్చున్నట్టున్న ఒక పెద్దాయన మా వైపు తిరిగాడు. ఏమీ అనలేదు. అనకపోవడమే ఎక్కువగా తగిలింది. నాన్న తన రెండు చేతుల వైపు చూసుకున్నాడు, అవి తనవి కానట్టు. కాసేపయ్యాక మెల్లగా, "నలభై ఏళ్ళ అలవాటురా" అన్నాడు. ఇంకాస్త దూరం నడిచాక మళ్ళీ, "అప్పుడు వీటిని తోలడానికి జీతాలిచ్చాను. ఇప్పుడు చూడటానికి టిక్కెట్టు కొంటున్నాను" అన్నాడు. నవ్వుతూ అన్నాడా అంటే, పూర్తిగా నవ్వుతూ కాదు.

ఆ మాట వెనక ఏముందో చెప్పాలి. నాన్న మరో నలుగురితో కలిసి కొల్లేటి లోపల ఒక చెరువులో వాటా తీసుకున్నాడు. 1999లో కొల్లేటిని అయిదో కాంటూరు (సముద్రమట్టానికి అయిదడుగుల ఎత్తు గీత) వరకు, 308 చదరపు కిలోమీటర్ల మేర, పక్షుల అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అది చిత్తడి నేలల్ని కాపాడే అంతర్జాతీయ ఒప్పందమైన రామ్‌సర్ జాబితాలో కూడా చేరింది. ఊళ్ళో ఎవరూ పట్టించుకోలేదు, చెరువులు తవ్వుతూనే ఉన్నారు. 2006లో యంత్రాలు వచ్చి గట్లు తెగ్గొట్టాయి. సరస్సులో చెరువులు వేయడం తప్పని నాన్నకు తెలుసు. కొల్లేటి నీటిని సముద్రానికి చేర్చే ఉప్పుటేరుకు నీళ్ళు పోయే దారి మూసుకుపోతే వానాకాలంలో ఊళ్ళు మునిగేది ఆయన కళ్ళతో చూసినదే. కానీ అప్పటికి చెరువులో శీలావతులు కిలో బరువుకు వచ్చి ఉన్నాయి. గట్టు తెగినచోట నుంచి నీటితో పాటు చేపలన్నీ వెళ్ళిపోతుంటే ఒడ్డున నిలబడి చూశాడు. ఆ తర్వాత చాలా ఏళ్ళు మా ఇంట్లో 'అభయారణ్యం' అనే మాట ఎవరూ పలకలేదు. ఇక్కడి గేటు దగ్గర బోర్డు చూసి, "ఇది కూడా అదేనా?" అని నన్ను అడిగాడు. "అలాంటిదే" అన్నాను. ఇంకేమీ అడగలేదు.

నేచర్ సెంటర్‌లో ఒక వాలంటీరు ఉండేది. డెబ్బై ఏళ్ళు దాటిన తెల్లజుట్టు ఆవిడ. చిన్న తొట్టెలో ఉన్న జానెడు మొసలిపిల్లను పిల్లల చేత ముట్టిస్తూ బోలెడు కబుర్లు చెబుతోంది. తల్లి మొసలి ఆకూ అలమూ పోగుచేసి గూడు కడుతుందని, ఆ ఆకులు కుళ్ళిన వేడికే గుడ్లు పొదుగుతాయని, లోపల పిల్లలు కూయడం వినగానే తల్లి గూడు తవ్వి, వాటిని నోట్లో పెట్టుకుని నీళ్ళకు చేరుస్తుందని. గూట్లో వేడి 33 డిగ్రీల దగ్గర ఉంటే మగపిల్లలు, 30కి తగ్గితే ఆడపిల్లలు పుడతాయట. నేను అమ్మకు తెలుగులో చెప్పాను. అమ్మ తన కోడలి వైపు చూసింది. కోడలు మొసలి వైపు చూసింది. మా ఆరేళ్ళ పాప మాత్రం ఆ మొసలిపిల్ల ఆడదేనని తేల్చి దానికి లక్ష్మి అని పేరు పెట్టింది.

ఆ జాతి మొసళ్ళను ఇక్కడివాళ్ళు తోళ్ళ కోసం వేటాడి దాదాపు తుడిచిపెట్టేశారు. 1967లో అంతరించిపోతున్న జంతువుల జాబితాలో చేర్చి, వేట ఆపి కాపాడితే, 1987 నాటికి ఆ జాబితా నుంచి తీసేసేంతగా పెరిగాయి. ఇరవై ఏళ్ళు. ఆవిడ ఇది చెప్పినప్పుడు నాన్న నన్ను మళ్ళీ చెప్పమన్నాడు. చెప్పాను. "ఇరవై ఏళ్ళు చాలా?" అన్నాడు. ఆయన దేని గురించి లెక్క వేస్తున్నాడో నేను అడగలేదు.

మర్నాడు మధ్యాహ్నం ఆ వాలంటీరే మాకు చెరువుగట్టు మీద మళ్ళీ ఎదురైంది. తామరాకుల వైపు వేలు చూపించి, పెదవుల మీద వేలు పెట్టుకుంది. ఆకుల మీద పొడుగాటి కాలివేళ్ళతో ఒక నీలి పిట్ట ఆచితూచి నడుస్తోంది. నాన్న ఒక్కసారిగా నా భుజం పట్టుకున్నాడు.

"ఒరేయ్! నీలి బొల్లికోడి!"

పర్పుల్ గాలిన్యూల్ అంది ఆవిడ. నాన్న ఒప్పుకోలేదు. కళ్ళు చికిలించి ఇంకాస్త చూసి, అప్పుడు తనే దిద్దుకున్నాడు. "కాదు. కాళ్ళు పసుపు. మనదానికి కాళ్ళు ఎరుపు. నుదుటి మీద బిళ్ళ కూడా మనదానికి ఎరుపే, దీనికి లేత నీలం. ఇది చిన్నది కూడా." నేను ఆవిడకు ఇంగ్లీషులో చెప్పాను. ఆవిడ కళ్ళు పెద్దవి చేసింది. తన సంచిలోంచి పక్షుల పుస్తకం తీసి, ఆయన చెప్పిన ఒక్కొక్క గుర్తునూ బొమ్మతో పోల్చి చూసుకుంది. తర్వాత ఇద్దరూ అరగంటసేపు మాట్లాడుకున్నారు. ఆవిడకు తెలుగు రాదు, ఈయనకు ఇంగ్లీషు రాదు. నాన్న బొల్లికోడి కూత కూశాడు. ఆవిడ గాలిన్యూల్ కూత కూసింది. నాన్న కొల్లేటి గూడబాతు గొంతుకింది సంచీ ఎంత ఉంటుందో రెండు చేతులతో చూపించాడు. ఆవిడ గులాబిరంగు తెడ్డుమూతి కొంగ నీళ్ళలో ముక్కు అటూ ఇటూ ఎలా ఊపుతుందో తల తిప్పి చూపించింది. నేను వాళ్ళకు అవసరం లేకపోయాను.

నా బాల్యమంతా ఆ పిట్టల మధ్యే గడిచింది. ఒక్కదాని పేరూ నాకు తెలియదు. చదువుకుంటే చాలు, పొలం గట్టు ఎక్కనవసరం లేదన్నారు, ఎక్కలేదు. నేను పక్షులను చూడటం నేర్చుకున్నది టెక్సస్‌లో, ఇంగ్లీషు పేర్లతో. నారాయణపక్షి అంటే ఏదో, చింతవొక్కు అంటే ఏదో నాకు ఆ రెండు రోజుల్లోనే తెలిసింది, వాటి అమెరికా చుట్టాలను చూపిస్తూ నాన్న చెబితే. గడ్డిలో తిరుగుతున్న తెల్లకొంగలను చూసి మాత్రం ఆయన కంగారుపడ్డాడు. "ఇవి మన గేదెల వెంట తిరిగేవే! వీటిని ఎవరు తెచ్చారు?" ఎవరూ తేలేదు. వాటి పూర్వీకులు ఆఫ్రికా నుంచి అట్లాంటిక్ మహాసముద్రం మీదుగా తమంతట తామే దక్షిణ అమెరికాకు ఎగిరి వచ్చాయి. అక్కడి నుంచి మెల్లగా పైకి పాకి 1940లలో ఈ దేశంలో అడుగుపెట్టాయి. అది వినగానే నాన్న, "స్టాంపు లేకుండానే!" అన్నాడు. మేం వీసా కోసం ఆయన్ని చెన్నై దాకా తిప్పినందుకు ఇంకా కోపంగానే ఉన్నాడు.

మొదటి రోజు రాత్రి సంగతి చెప్పడం మరిచాను. ఆ పార్కులోనే జార్జ్ అబ్జర్వేటరీ అని ఒకటుంది. హ్యూస్టన్ ప్రకృతి విజ్ఞాన మ్యూజియం వాళ్ళు 1989 నుంచి నడుపుతున్నారు. 36 అంగుళాల అద్దం ఉన్న దుర్భిణి. శనివారం రాత్రుళ్ళు జనానికి చూపించేవాళ్ళు. అమావాస్య వెళ్ళి రెండు రోజులే అయింది కాబట్టి ఆకాశం కాటుకలా ఉంది. ఆ రాత్రి ఏం చూపిస్తున్నారో కనుక్కుని వచ్చి చెప్పాను. శని.

అమ్మ రెండడుగులు వెనక్కి వేసింది. నాన్నది తులారాశి. ఏలినాటి శని నడుస్తోంది. ఇంటి దగ్గర ప్రతి శనివారం నువ్వుల నూనెతో దీపం పెట్టి, దయచేసి మా వైపు చూడకు తండ్రీ అని దణ్ణం పెట్టుకుంటున్న మనిషి. "శనివారం పూట, ఏలినాటి శని ఉన్న మనిషిని, పనిగట్టుకుని తీసుకొచ్చి, లైన్లో నిలబెట్టి శనీశ్వరుణ్ణి చూపిస్తావా?" అని నన్ను పట్టుకుంది. నాన్న అప్పటికే వరుసలో నిలబడ్డాడు. "ఇన్నేళ్ళ నుంచి ఆయన నన్ను చూస్తున్నాడు. ఒక్కసారి నేనూ ఆయన్ని చూడొద్దా?" అన్నాడు.

నిచ్చెన మెట్లెక్కి కంటిని అద్దానికి ఆనించి, వెనక ఉన్నవాళ్ళు దగ్గేదాకా కదల్లేదు. దిగివచ్చి, "బొంగరం. తాడు చుట్టి ఇంకా విసరని బొంగరం. అంతే" అన్నాడు. అమ్మ చూడలేదు. కళ్ళు మూసుకుని కంటిని అద్దానికి ఆనించి దిగిపోయిందని పాప తర్వాత నాకు చెప్పింది.

తిరిగి గుడారానికి వస్తుంటే దారంతా మిణుగురులు. ఎండుటాకుల్లో ఏదో పందిలా బుసబుసలాడుతూ తవ్వుతోంది. టార్చి వేస్తే ఆర్మడిల్లో. వీపు మీద పెంకు. "అలుగు లాగా ఉందే" అంది అమ్మ. చుట్టం కాదు గానీ పోలిక నిజమే. దానికి ప్రతి కాన్పులోనూ నలుగురు పిల్లలు, నలుగురూ ఒకే అచ్చు అని చెబితే అమ్మకు దాని మీద జాలి కలిగింది.

పడుకోబోతుండగా గుడ్లగూబ మొదలుపెట్టింది. మా ఊళ్ళో గుడ్లగూబ కూస్తే ఎవరో ఒకరు లేచి దాన్ని తిట్టి పంపేదాకా నిద్రపోరు. ఈ జాతి గుడ్లగూబ, బార్డ్ ఔల్, కూతలో అమెరికావాళ్ళకు 'నీకు వంట చేసేదెవరు?' అన్న ప్రశ్న ఇంగ్లీషులో వినిపిస్తుందట. ఆ సంగతి అమ్మకు నేనింకా చెప్పలేదు. చీకట్లో చెవి ఒగ్గి రెండుమూడుసార్లు విని, "ఏమిటో అడుగుతోంది" అంది. మళ్ళీ కూసింది. అమ్మ దాని దరువుకే సరిగ్గా, "కూర వండావా? చారు పెట్టావా?" అంది. చివర అది సాగదీసే రాగంతో సహా. అంతే, గుడారంలో ఆరుబయట అన్న భయం పోయింది అందరికీ. గుడ్లగూబ అడుగుతుంది, పాప జవాబు చెబుతుంది. "వండాం! పెట్టాం!" పది దాటాక నిశ్శబ్దంగా ఉండాలని నిబంధన. పక్క గుడారంవాళ్ళు క్షమించారనే అనుకుంటున్నాను.

పెట్టిన చారు సంగతేమో గానీ, వండిన పులిహోర సంగతి అర్ధరాత్రి తేలింది. కూలర్ మూత గట్టిగా పెట్టాననే అనుకున్నాను. డబ్బా చప్పుడైతే లేచి చూశాను. కళ్ళకు గంతలు కట్టుకున్న దొంగ మొహంతో ఒక రకూన్, పిక్నిక్ బల్ల మీద బాసింపట్టు వేసుకున్నట్టు కూర్చుని, మా స్టీలు డబ్బాలోంచి ముద్ద ముద్దగా తింటోంది. టార్చి వేస్తే తలెత్తి చూసి మళ్ళీ తినసాగింది. నేను తోలేసరికి సగం అయిపోయింది. పొద్దున చూస్తే ఎండుమిరపకాయలు, కరివేపాకు బల్ల మీద విడిగా పడి ఉన్నాయి. మా పాప కూడా అంత శుభ్రంగా ఏరదు. తప్పు నాదే, తిండి కారులో పెట్టి తాళం వేయాలని అక్కడ రాసే ఉంది. అయినా అమ్మకు కోపం రాలేదు. "నచ్చినట్టుంది" అంది.

తెల్లవారుజామున నన్ను లేపింది నాన్న. "ఎవడో ఆయిల్ ఇంజను స్టార్టు చేస్తున్నాడు. ఎంతకీ అందుకోవడం లేదు, విను." విన్నాను. చెరువు వైపు నుంచి బరువుగా, నేలలోంచి వస్తున్నట్టు గురగుర. ఆగుతోంది, మళ్ళీ వస్తోంది. మా ఊళ్ళో చెరువులకు నీళ్ళు తోడే ఇంజన్లు చలికాలం పొద్దున్నే అచ్చం ఇలాగే మొరాయించేవి. ఇద్దరం చెప్పులు వేసుకుని వెళ్ళాం. 40-ఏకర్ లేక్ మీద ఇంకా ఆవిరి తేలుతోంది. నీళ్ళలో ఒక పెద్ద మగ మొసలి తల, తోక పైకెత్తి, ఒళ్ళంతా బిగించి ఉంది. మన చెవికి అందనంత లోతైన ధ్వని ఏదో ముందు పుడుతుంది. దాని వీపు మీది నీళ్ళు నూనెలో ఆవాల్లా చిటపటమని ఎగురుతాయి. ఆ తర్వాత వస్తుంది ఆ గర్జన. ఆడ మొసలిని పిలవడానికట. అవతలి ఒడ్డు నుంచి ఇంకొకటి అందుకుంది. దానికి ఇంకొకటి. చెరువు చుట్టూ ఇంజన్లన్నీ ఒక్కసారి లేచినట్టు. నాన్న మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగి నిలబడి, ఆ చిటపటలాడే నీళ్ళనే చూస్తూ ఉండిపోయాడు.

వెనక్కి తిరిగితే దారికి అడ్డంగా మరొకటి పడుకుని ఉంది. పది అడుగులు ఉంటుంది. మేం వచ్చేటప్పుడు లేదు. మొసలికి 30 అడుగుల దూరంలో ఉండాలని ప్రతి మలుపులోనూ బోర్డు. నాన్న మనసులో లెక్క కట్టాడు. "బారకు ఆరడుగులు. అయిదు బారలు." చూపుతోనే అయిదు బారలు కొలిచి, ఇంకో బార కలిపి, అక్కడ ఆగాడు. నన్ను చేత్తో వెనక్కి నెట్టాడు, నాకు నలభై దగ్గర పడుతున్నా. ఎండ పొడ పడేదాకా అది కదల్లేదు, మేమూ కదల్లేదు. ముప్పావుగంట. మా నాన్నతో అంతసేపు, ఏ పనీ లేకుండా, ఏమీ మాట్లాడుకోకుండా పక్కపక్కన నిలబడటం నా జీవితంలో అదే మొదటిసారి. చివరికి అది బద్ధకంగా లేచి, నీళ్ళలోకి జారిపోయింది. "దాని దారి" అన్నాడు నాన్న.

ఆ ఏడు ఇంకో రెండు పార్కులకు వెళ్ళాం. అవీ బాగానే ఉన్నాయి. కానీ ఆయన అడిగేది మాత్రం బ్రాజోస్ గురించే. అమ్మకు ఆ పేరు ఎప్పుడూ నోరు తిరగక వ్రజేశ్ అనేది. 2016లో వానలకు, ఆ మరుసటి ఏడు హార్వే తుఫానుకు నది పొంగి పార్కు మునిగింది, మూసేశారు. మా ఇంటి వీధిలోకి నీళ్ళు వచ్చాయని నేను ఫోనులో చెబుతుంటే నాన్న అడిగిన మొదటి ప్రశ్న, "మొసళ్ళు ఏమయ్యాయి?" రెండో ప్రశ్న మా గురించి. పైగా జవాబు కూడా ఆయనే చెప్పుకున్నాడు. "వాటికేమిటి, నీళ్ళొస్తే అవి మేడ ఎక్కాలా?"

2018 జనవరిలో సంక్రాంతికి వెళ్ళాను. కనుమ మర్నాడు నాన్న స్కూటర్ తీసి, ఎక్కమన్నాడు. ఎక్కడికని అడిగితే చెప్పలేదు. ఆటపాక, కొల్లేటి పక్షుల కేంద్రం. పిల్లప్పుడు మా ఊరి నుంచి సైకిలు మీద వెళ్ళగలిగిన దూరం, నేను ఎన్నడూ వెళ్ళలేదు. టిక్కెట్లు ఆయనే తీశాడు. నన్ను జేబులో చెయ్యి పెట్టనివ్వలేదు. పడవ ఎక్కాం. చెట్ల మీద, నీళ్ళలో పాతిన ఇనుప మంచెల మీద ఎక్కడ చూసినా గూడబాతులు. గూళ్ళలో పిల్లలు తల్లి నోట్లోకి తలదూర్చి తింటున్నాయి. అవతల ఎక్కడో, ఆ నీటి కిందే, నాన్న వాటా ఉన్న చెరువు ఒకప్పుడు ఉండేది. ఆయన అటు చూడలేదు. చూశాడేమో, నేను గూడబాతులను చూస్తున్నాను.

అమెరికా నుంచి వచ్చిన మనిషినని తెలిసి, పడవ నడిపే కుర్రాడు నా ఫోనులో ఫొటో బాగా రావాలని గూళ్ళున్న మంచె కిందికే తీసుకుపోసాగాడు. నాన్న చెయ్యెత్తాడు. ఒక్క క్షణం భయపడ్డాను, చప్పట్లు కొడతాడేమోనని.

"ఆపు బాబూ. అయిదు బారలు ఇవతలే ఆపు."

"ఏం పరవాలేదు బాబాయ్ గారూ. అలాంటి రూలేమీ లేదండి ఇక్కడ."

"ఉంది. బోర్డు పెట్టారు."

కుర్రాడు గెడ ఆపి, చుట్టూ చూశాడు. "ఎక్కడండీ బోర్డు?"

"వ్రజేశ్‌లో" అన్నాడు నాన్న.